వెల్డరు గుండె, అరచేతంత పెట్టె

మా ఆయన గుండెని మంచం పక్కన కడ్డీకి వేలాడుతున్న చిన్న పెట్టె నడిపిస్తోంది. రొమ్ము కింద చర్మంలోంచి దారాల్లాంటి తీగలు బయటికొచ్చి ఆ పెట్టెలోకి వెళ్తున్నాయి. పాడైన వాల్వు తీసి కొత్తది పెట్టాం, ఆపరేషన్ చక్కగా జరిగింది అన్నారు. చక్కగా జరిగితే ఈ పెట్టెందుకమ్మా అని అడిగితే నర్సమ్మ నా వైపు జాలిగా చూసింది. జాలి చూపులంటే నాకు ఒళ్ళు మంట.

డాక్టరమ్మ మాత్రం కూర్చుని చెప్పింది. గుండెలో పై గది నుంచి కింది గదికి కరెంటు లాంటిది ఒకటి వెళ్తుందట. అది వెళ్ళే దారి సరిగ్గా ఈ వాల్వుని ఆనుకునే ఉంటుందట. కొత్తది కుడుతున్నప్పుడు ఆ దారికి దెబ్బ తగిలిందట.

"తెగిందా, లూజయిందా?" అని మా ఆయన అడిగాడు. గొంతు పీలగా ఉన్నా అడిగే తీరు మాత్రం షాపులో లాగే ఉంది.

"వాపు తగ్గితే అదే సర్దుకుంటుందని ఇన్నాళ్ళు ఆగాం. ఇక తెగినట్టే అనుకోవాలి. చర్మం కింద ఇలాంటిదే చిన్న పెట్టె, పేస్‌మేకర్ పెట్టేస్తే మామూలుగా తిరగొచ్చు. మీరేం పని చేస్తారు?"

"వెల్డింగ్."

ఆవిడ ముఖంలో నవ్వు పోయింది. "ఆర్క్ వెల్డింగా?"

ఇంకేం వెల్డింగ్ చేస్తాడు? మేం చేసేది గేట్లు, కిటికీ గ్రిల్స్. ఆయన అతికితే నేను ఆకురాయితో రుద్ది తుప్పు పట్టకుండా రెడాక్సైడ్ పూస్తాను. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఇదే. ఆ మనిషికి ఇంకో పని చేతకాదు. ఇంట్లో మేకు కొట్టమంటే వేలు కొట్టుకుంటాడు. కానీ చేతికి వెల్డింగ్ హోల్డరు ఇస్తే, రుద్దాక అతుకెక్కడుందో నా వేలికి కూడా దొరకదు. అందుకే ఆ నోటి దురుసునీ ముక్కు మీది కోపాన్నీ ఇన్నాళ్ళు భరించాను.

"అది మానెయ్యాలండీ," అంది డాక్టరమ్మ. "ఆ వెల్డింగ్ కరెంటు దగ్గర పేస్‌మేకర్ తికమకపడి ఒక్కోసారి ఆగిపోతుంది. మీ గుండె పూర్తిగా దాని మీదే ఆధారపడుతుంది. ఆగితే మీరూ ఆగిపోతారు."

"అయితే వద్దు," అన్నాడు. బేరం కుదరనప్పుడు కూడా అంతే, ఒక్క ముక్క.

నేను ఊరుకుంటానా? వార్డంతా వినేలా తిట్టాను. నీ వెల్డింగ్ తగలెయ్య, రేపు నేనెవరి ముఖం చూసి బతకాలి అన్నాను. ఆయన మాత్రం ఎవరేమన్నా పైకప్పు చూస్తూ పడుకున్నాడు.

డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచింది. ఆ తీగలు తాత్కాలికమేనట, రోజులు గడిచేకొద్దీ పట్టు వదిలేస్తాయట. పెట్టె కొట్టమన్నా గుండె వినదట. నిన్న అప్పుడప్పుడూ కొట్టుకోవడం తప్పిందట కూడా. "మీరే ఎలాగోలా ఒప్పించండి," అని వెళ్ళిపోయింది. రాయిని ఒప్పించమన్నా నయమే.

మధ్యాహ్నం ఆయనే నన్ను దగ్గరికి పిలిచాడు. "ఒసేయ్, నాకు తెలిసిపోయింది. పనంతా ఈ పెట్టే చేసేస్తుంటే నా గుండె ఎందుకు లేస్తుంది? మన పనోళ్ళు చూడు, నేను చేస్తుంటే ఒక్కడైనా వంగుతాడా?"

"పొద్దున్నే డాక్టరమ్మ పెట్టె వేగం తగ్గించి చూసింది కదయ్యా. కళ్ళు తిరుగుతున్నాయన్నావు కదా."

"అంతలోనే పెంచేసింది. వెల్డింగ్ రాడ్ అంటుకోవడానికైనా కాస్త టైమిస్తాంరా బాబూ. గుండెకి ఇవ్వకపోతే ఎలా?"

నిజం చెప్పొద్దూ, నాక్కూడా ఒక్క క్షణం ఆశ పుట్టింది. వెంటనే "నోరు మూసుకుని పడుకో," అని ముఖం తుడవడానికి గుడ్డ తీసుకుని కుళాయి దగ్గరికి వెళ్ళాను. గుడ్డ పిండి వెనక్కి తిరిగేసరికి పెట్టె మీది ప్లాస్టిక్ మూత తెరిచి ఉంది. ఆయన వేళ్ళు దాని కింద తిప్పే మర మీద ఉన్నాయి.

"ఏం చేస్తున్నావయ్యా!"

"ఉండవే. లేస్తుంది చూడు."

తలవైపు మెషీన్ తెర మీద గుండె గీత ఒక్కసారిగా చదునైపోయింది. ఆయన నవ్వబోయి ఆ నవ్వు సగంలో వదిలేశాడు. కళ్ళు పైకి వెళ్ళిపోయాయి. మెషీన్ గీపెట్టింది. పరుగెత్తి మర పట్టుకున్నాను. ఎటు తిప్పాడో నేను చూడలేదు. ఒకవైపు తిప్పాను, ఏం లేదు. రెండోవైపు తిప్పాను. పెట్టె మీద దీపం మెరవడం మొదలెట్టింది కానీ గీత లేవలేదు. దీపం కొట్టమంటోంది, గుండె వినడం లేదు. నర్సమ్మ నన్ను ఒక్క తోపు తోసి కరెంటు పెంచే ఇంకో మర చివరిదాకా తిప్పేసింది. గీత లేచింది. పడింది. మళ్ళీ లేచి నిలబడింది.

నా మనిషి చచ్చి బతికాడు.

కాసేపటికి ఆయన కళ్ళు తెరిచి మొట్టమొదట అడిగిన మాట, "వచ్చిందా? నాది?"

నర్సమ్మ పెట్టె మూత మూసి టేపు అంటించింది.

"రాలేదు," అన్నాను.

"ఎంతసేపు ఆగారు?"

"నువ్వు చచ్చేంతసేపు ఆగాం! చాలా? ఇంకా ఆగాలా?"

ఆయన ముఖం పక్కకి తిప్పుకున్నాడు. చెవి మీదుగా నీళ్ళు కారి దిండులోకి పోతున్నాయి. ఇన్నేళ్ళ కాపురంలో ఆ మనిషి ఏడవగా చూడలేదు. ఆయన అమ్మ పోయినప్పుడు కూడా గేటు అతుకుతూ కూర్చున్నాడు.

డాక్టరమ్మ వచ్చి ఏమంటారని అడిగింది. ఆయన నా వైపు చూశాడు. వద్దని చెప్పవే అన్నట్టుంది ఆ చూపు.

"పెట్టెయ్యండమ్మా," అన్నాను.

"నా చేతులు తీసేయమన్నట్టే కదే."

"అవును. తీసేయమన్నాను."

అనేశాక నా నోరు నేనే నొక్కుకున్నాను. ఆయన కోప్పడితే బాగుండేది. కోప్పడలేదు. చిన్నగా తల ఊపాడు, అంతే.

ట్రాలీ మీదికి మార్చాక డాక్టరమ్మని ఆపాడు. "అమ్మా, మా షాపులో ఇంకెవరైనా వెల్డింగ్ చేస్తుంటే నేనెంత దూరంలో ఉండాలి?"

"దగ్గరికి పోకపోవడమే మంచిది. గుమ్మం బయట నిలబడండి."

"మాది షట్టరమ్మా. గుమ్మం లేదు."

"సరే, షట్టరు బయట."

"అంటే రోడ్డు మీదన్నమాట," అన్నాడు.

డాక్టరమ్మ ట్రాలీ తొయ్యమని సైగ చేసింది. చెయ్యి పట్టుకుంటే ఆయన విడిపించుకోలేదు, నా చెయ్యి నొక్కనూ లేదు. అలాగే పట్టుకుని ట్రాలీ వెంట ఆపరేషన్ థియేటర్ తలుపుల దాకా ఏడుస్తూ నడిచాను.