కాదన్న మనిషి

సమ్మవ్వకు ఆ నెల కూడా ముట్టు రాలేదు. అప్పటికి నాలుగు నెలలు. నలభై నాలుగేళ్ల ఆడదానికి అదేమీ వింత కాదు గానీ, సమ్మవ్వకు మాత్రం గుండెలో రాయి పడ్డట్టయింది. నెలనెలా వస్తున్నంత కాలం ఎప్పటికైనా ఒక బిడ్డను కంటానన్న మొండి ఆశ ఆమెను వదలలేదు. మొగుడు ఇంట్లో లేకుండా పిల్లలెట్లా అని మీరు నవ్వుకుంటారేమో. నవ్వుకోండి, ఇరవై నాలుగేళ్లుగా ఊరు నవ్వుతూనే ఉంది.

మొగుడి పేరు మొగిలి. పెళ్లయిన రెండో ఏడు, ఇరవై ఆరేళ్ల వయసులో, ఊళ్లో కూలి సంఘం పెట్టి దొర కళ్లల్లో పడ్డాడు. పోలీసులు వెతుకుతున్నారని తెలిసి నక్సలైట్ అన్నలతో అడవిలోకి పోయాడు. "పది దినాల్ల అస్త" అని చెప్పి పోయిన మనిషి మళ్లీ తన ఊరు పెగడపల్లి పొలిమేర తొక్కలేదు. ఒక ఉత్తరం లేదు, ఒక కబురు లేదు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోటోనూ పోలీసులు పట్టుకుపోయారు.

ఫోటో పోతేనేం, సమ్మవ్వ మనసులో మొగిలి మొహం చెక్కుచెదరలేదు. ఒత్తయిన నల్లటి జుట్టు, నవ్వితే తళుక్కుమనే పలువరుస. తనకేమో బీడీ ఆకు కత్తిరిస్తుంటే కళ్లు మసకలు, లేస్తే మోకాళ్లలో కలుక్కు. ఆయన వస్తే ఈ ముసలిదాన్ని చూసి ఏమంటాడోనని సిగ్గుపడేది. తాను నలభై నాలుగుకు వచ్చింది గానీ ఆయన మాత్రం ఇరవై ఆరులోనే ఆగిపోయాడట! అంత తెలివిగల మనిషికి ఈ చిన్న సంగతి ఎట్లా తట్టలేదో ఆమెనే అడగాలి.

ఇంట్లో ఉండేది ఇద్దరే, తనూ, మొగిలి అక్క బాలమ్మా. బాలమ్మ మొగుడు పోయి పుట్టింటికి చేరింది. ఇద్దరూ పొద్దస్తమానం చెరొక చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టేవాళ్లు.

ఒకనాడు పొద్దున ఒక కానిస్టేబుల్ వచ్చి వాకిట్లో నిలబడ్డాడు.

"గొల్లపల్లి అవుతల కాల్పులైనయి. ఒక శవం ఎవలదో తెలుస్తలేదు. మీ ఆయనేనేమో, జగిత్యాల అచ్చి సూసుకోండ్రి" అన్నాడు.

బాలమ్మకు జ్వరం. సమ్మవ్వ తన తమ్ముడు సత్తయ్యను వెంటబెట్టుకుని బస్సెక్కింది. దారి పొడుగునా "కావద్దు దేవుడా, ఆయన కావద్దు" అని ఒకటే మొక్కు.

శవాన్ని ఉంచిన గదిలో పోలీసాయన గుడ్డను ఛాతీ దాకా తీశాడు. సమ్మవ్వ చూసింది. తల ముగ్గుబుట్ట. లోపలికి పోయిన చెంపలు. తెరుచుకున్న నోట్లో ముందు పళ్లే లేవు. ఆమెకు పోయిన ప్రాణం లేచి వచ్చింది.

"కాదు సారూ. గీయనెవలో ముసలాయన. మా ఆయన గిట్లుండడు."

"మంచిగ సూడవ్వా. గుడ్డ ఇంకింత తియ్యమంటవా?"

"వద్దు సారూ, కాదని చెప్పుతున్న గద!"

కాగితం తెచ్చారు. కాదని వేలిముద్ర వేసింది. పోలీసుల గొడవ ఇంతటితో తీరిందని సత్తయ్య ఊపిరి పీల్చుకున్నాడు. సమ్మవ్వకైతే పట్టరాని సంతోషం. ఆయన బతికే ఉన్నాడు! బస్టాండు దగ్గర డజను పచ్చగాజులు వేయించుకుని ఇల్లు చేరింది.

"గాదు వదినె! నీ తమ్ముడు గాదు!" అని గడపలోనుంచే అరిచింది.

బాలమ్మ లేచి కూర్చుని రెండు చేతులూ జోడించింది. కాసేపటికి అడిగింది. "పాపం, ఎట్లున్నడే ఆయన?"

"ఎవలో ముసలోడు. నెత్తంత తెల్లగయ్యింది. ముంగటి పండ్లు గూడ లెవ్వు."

బాలమ్మ కప్పుకున్న దుప్పటి పక్కకు నెట్టింది.

"మా నాయినకు గూడ యాభై ఏండ్లు రాకముందే నెత్తి తెల్లవడ్డది. పండ్లు ఊడినయి" అంది. "పిల్లా, తమ్మునికి గిప్పుడు ఎన్నేండ్లుంటయే?"

సమ్మవ్వ వేళ్ల మీద లెక్కపెట్టింది. మొదటిసారి తప్పిందేమోనని మళ్లీ లెక్కపెట్టింది. యాభై.

"కాలు సూసినవా? నాగలి కర్రు తాకి ఎడమ కాలు బొటనేలు సగం పోయింది గదనే!" అంది బాలమ్మ.

"గుడ్డ తీస్తనంటే నేనే వద్దన్న వదినె..." అంది సమ్మవ్వ.

తెల్లారి మొదటి బస్సుకే ఇద్దరూ పోయారు. బాలమ్మ జ్వరాన్ని లెక్కచేయలేదు. స్టేషన్లో నిన్నటి పోలీసాయన వాళ్లను చూసి విసుక్కున్నాడు.

"నిన్ననే కాదంటివి గదవ్వా, ఏలిముద్ర గూడ ఏస్తివి. దిక్కులేని శవమని పొద్దుగూకకముందే పూడ్పిచ్చినం."

ఊరి బయట తుమ్మచెట్ల మధ్య ఆ చోటు చూపించారు. నాలుగు మట్టికుప్పలు, నాలుగూ కొత్తవే. కాటికాపరి నర్సింగం తల గోక్కున్నాడు.

"నిన్న దావఖానల దిక్కులేనివి గూడ కలిపి నాలుగు వెట్టిన. అండ్ల మీది ఏదో నాకెట్ల యాదికుంటదవ్వా? మల్ల తవ్వుడంటే సర్కారు ఒప్పుకోదు."

బాలమ్మ మొదటి కుప్ప మీద పడి "తమ్మీ, తమ్మీ" అని ఏడ్చింది. ఇది కాదేమోనని లేచి రెండో దాని దగ్గరికి పోయి ఏడ్చింది. మూడో దాని దగ్గరా ఏడ్చింది. నాలుగో దాని దగ్గరికి వచ్చేసరికి గొంతు పోయింది. సమ్మవ్వ కంట మాత్రం నీటిచుక్క రాలేదు. ఆయన చచ్చాడని ఏడవాలా, బతికున్నాడని ఊరుకోవాలా? ఇక ఆ ముక్క చెప్పగలిగినవాళ్లు ఈ భూమ్మీద ఎవరూ లేరు.

తిరుగు బస్సులో సమ్మవ్వ నిన్నటి పచ్చగాజులను చేతి మీద వెనక్కి తోసుకుంది.

"వదినె," అంది సమ్మవ్వ ఉన్నట్టుండి. "నేనే గట్ల సచ్చి పండుకుంటే, ఆయనచ్చి సూసినా గదే మాట అనేటోడు. గీ ముసల్ది నా పెండ్లం గాదని."

బాలమ్మ తలతిప్పి ఆమె మొహంలోకి చూసింది. అట్లా అనడులేవే అని చెబుదామని నోరు తెరిచింది గానీ, చెప్పలేకపోయింది.