పిట్టలు తెచ్చే గొంతు

శనివారం పొద్దున ఆరు కొట్టకముందే అంతమ్మ ఫ్లాస్కు నిండా చాయ్ పోసుకుని, కూతురు ప్రవళికను వెంటబెట్టుకుని కనకమామిడి చెరువుగట్టు ఎక్కింది. ఇంట్లో ఫోనుకు సిగ్నల్ అందదు. గట్టు మీదైతే కాస్త నయం.

అప్పటికే హైటెక్ సిటీ వాళ్ల కార్లు రెండు వచ్చి ఆగాయి. వారమంతా కంప్యూటర్ల ముందు కూర్చునే ఆ తొమ్మిదిమంది, చలికాలపు పిట్టలు దిగే రోజులొస్తే చాలు, మెడలో బైనాక్యులర్లు వేసుకుని ఇక్కడి బురదలో నిలబడతారు. వాళ్ల పెద్ద గీతాంజలి. ఎవరు నోరు విప్పినా కసురుతుంది.

"ప్రవళికను చూసి నేర్చుకోండి," అంది ఆ రోజు కూడా. "మూడు వారాలుగా ఒక్క మాట లేదు. వేలితోనే చూపిస్తుంది."

అంతమ్మ నవ్వు ఆపుకుంది. మాట్లాడడానికి గొంతంటూ ఉండాలి కదా, పాపం.

ప్రవళిక గొంతు ఏటా హోలీ పోగానే తోక ఊపే పిట్టలతో కలిసి ఉత్తరానికి ఎగిరిపోతుంది. మళ్లీ బతుకమ్మల నాటికి అవి వస్తేనే వస్తుంది. ఊళ్లో అందరికీ తెలిసిన సంగతే. ఎండాకాలమంతా కిరాణా కొట్టు దయానందం ఆమె సైగలకే సామాను కట్టిస్తాడు. తిరిగొచ్చిన గొంతుతో మొదటి మాట 'అవ్వ' అని తల్లినే పిలవాలి, ఆ తర్వాతే ఎవరినైనా. చిన్నప్పటి నుంచీ ఆ ఇంట్లో అదే ఆనవాయితీ.

ఈ ఏడు దసరా దాటి పది రోజులైనా పిట్టల జాడ లేదు. ఎనిమిదింటికేమో కాల్ సెంటర్ వాళ్ల ఫోన్ ఇంటర్వ్యూ. ఇంతకుముందు రెండు కంపెనీలు పిలిచాయి, రెండూ ఎండాకాలంలోనే. 'ఇది కూడ పోతే ఇంక అప్లై చెయ్య' అని ప్రవళిక నిన్న కాగితం మీద రాసి చూపించింది. అది చదివినప్పటి నుంచి అంతమ్మకు అన్నం సహించడం లేదు.

సరిగ్గా ఎనిమిదికి ఫోన్ మోగింది. ప్రవళిక బిగుసుకుపోయింది. అంతమ్మే లాక్కుని చెవికి పెట్టుకుంది.

"సారూ, నేను ప్రవళిక తల్లిని. బిడ్డ గొంతు ఇంక రాలే. పిట్టలు తొవ్వల ఉన్నయి. జర ఆగుతరా?"

అవతలాయన ఒప్పుకున్నాడు. "ఐదు నిమిషాలు ఆగుతానమ్మా. ఆ తర్వాత వేరేవాళ్లు లైన్లో ఉన్నారు."

గీతాంజలి అంతా విన్నది. మూడు వారాలుగా తాను మెచ్చుకున్న క్రమశిక్షణ ఏమిటో అప్పుడు అర్థమై ముఖం ఎర్రబడింది. వెంటనే బైనాక్యులర్లు ఉత్తరానికి తిప్పింది. మిగతా ఎనిమిదిమందీ తిప్పారు. నాలుగు నిమిషాలు గడిచాయి.

"కొండకల్ వైపు నుంచి వస్తున్నాయి," అని గట్టిగా అరిచింది ఎవరో కాదు, గీతాంజలే.

బూడిదరంగు పిట్టలు గుంపుగా బురదలో దిగి తోకలు ఊపసాగాయి. ఒకటి ప్రవళిక చెప్పుల దాకా నడిచొచ్చింది. ఆమె గొంతు తడుముకుని, అలవాటుగా తల్లి వైపు తిరిగి నోరు తెరిచింది.

అంతమ్మ ఫోను ఆమె చేతిలో కుక్కింది. "నాకొద్దు బిడ్డ. ఇయ్యేడుది వాళ్లకియ్యి."

ప్రవళిక ఇరవై నిమిషాలు ఇంగ్లీషులో మాట్లాడింది. అంతమ్మకు అందులో తెలిసిన మాట 'మార్చి' ఒక్కటే. అది వినబడగానే, ఈ పిల్ల దాచకుండా ఉన్నది చెప్పేసిందని అర్థమైంది. చెప్పకుంటే ఏం పోయేది అనుకుంది. మళ్లీ అట్లా అనుకున్నందుకు సిగ్గుపడింది.

ఫోన్ పెట్టేసి ప్రవళిక తల్లి చెయ్యి పట్టుకుంది.

"తీసుకున్నరు. మార్చి నుంచి చాట్‌ల ఏస్తరంట, ఉత్త టైపు చేసుడే. పిట్టలొచ్చినంక మళ్ల ఫోన్ల మీదికి."

అంతమ్మ అక్కడే కూర్చుని ఫ్లాస్కు మూత తిప్పింది. గీతాంజలి పుస్తకం తీసి ఆ రోజు లెక్క రాసుకుంది: తోక ఊపే పిట్టలు ముప్పై నాలుగు, గొంతు ఒకటి.

చాయ్‌లు అయ్యాక తల్లీ కూతుళ్లు గట్టు దిగారు. మొదటి మాట పోయిందన్న వెలితి అంతమ్మకు లేకపోలేదు. దారిలో ప్రవళిక ఆగింది. ఏడు నెలలుగా దాచుకున్నదేదో చెప్పబోతున్నట్టు తల్లి ముఖంలోకి చూసింది.

"అవ్వ, ఏప్రిల్ల పెట్టిన మామిడి తొక్కుల ఉప్పు ఎక్కువైంది."

"గంత ఉప్పైతే అంతా నువ్వే ఎట్ల తిన్నవే," అంటూ అంతమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది.