చివరిసారి అడిగినప్పుడు

డేటాబేసులు నడుస్తున్నాయో లేదో కమాండు కొట్టి చూసుకునే టూలు అది. దాని మాన్యువల్లో ఒక వాక్యం జనానికి అర్థం కావడం లేదని, సరిచేయమని విజయనగరం ఆఫీసులో మురళీమోహన్ గారు దుర్గకి చెప్పారు. కస్టమరొకాయన తెర మీద ‘బాగుంది’ అని చూసి నమ్మి కూర్చున్నాడట. సర్వరు అప్పటికే ఆగిపోయి ఉంది.

దుర్గకి ఒళ్ళు మండింది. ఆ కమాండు కొత్తగా ఏమీ అడగదు, క్రితంసారి వచ్చిన జవాబే చూపిస్తుంది. మళ్ళీ అడగాలంటే పక్కన ఇంకొక్క అక్షరం కొట్టాలి. ఆ మాత్రానికి వీళ్ళ చేతులు పడిపోయాయా?

“‘బాగుంది’ అంటే ఇప్పుడు బాగుందని కాదు. చివరిసారి అడిగినప్పుడు బాగుందని మాత్రమే” అని టకటకా కొట్టింది.

ఆయన వెనక నిలబడి చదివి తలూపారు. “మీ అక్కకి కిడ్నీ జబ్బన్నావు, ఎలా ఉందమ్మా?”

“బాగుందండి.”

అనేశాక దుర్గ చేతులు కీబోర్డు మీదే ఆగిపోయాయి. అక్క ఆ మాట చెప్పింది రథసప్తమికి. ఇప్పుడు రోహిణి ఎండలు కాస్తున్నాయి.

వరండాలోకి వెళ్ళి కళింగపట్నంలో ఉన్న అక్క నంబరుకి ఫోను చేసింది. బావ కొండబాబు ఎత్తాడు.

“అక్కకి ఇయ్యి బావా.”

“పొద్దున్న పోయిందే. ఆస్పత్రి నుంచి ఇప్పుడే తెచ్చినాం. నీకే సేద్దామని ఈ ఫోను తీసినాను. నువ్వు సేస్తావని, నిన్నటి దాకా దీనికి రోజూ నా సేత సార్జింగు పెట్టించుకున్నాది.”