రెక్క ముడవని కారవాన్

నేను ఒక కారవాన్‌ని. షూటింగుల దగ్గర నటీనటులు ముఖానికి రంగు వేసుకుని, తుడుచుకుని, కాసేపు నడుం వాల్చే బండిని. పుట్టుకతో మామూలు లారీనే. ఒక షెడ్డులో నా వీపు మీది చెక్కలు పీకేసి, ఇనుప చట్రం బిగించి, అద్దాలూ సోఫాలూ పెట్టి ఇల్లు చేశారు. అదీ ఇరుకనిపించి ఎడమ పక్కన చిన్న గది అమర్చారు. మీట నొక్కితే అది సొరుగులా బయటికి జరుగుతుంది. మళ్ళీ నొక్కితే లోపలికి వస్తుంది. దాన్ని అందరూ రెక్క అంటారు. రెక్క ఉన్నా నేను ఎగరలేను. అది చాచి ఉన్నంతసేపూ కదలనైనా కదలకూడదు.

ఆ రెక్కలో చాలా కాలం వకుళాదేవి గారు కూర్చున్నారు. తెర మీద ఎప్పుడూ బామ్మ వేషమే. వేషం తీసేసినా బామ్మే. బయటికి వెళ్ళే ప్రతివాళ్ళనూ "ఎక్కడికి?" అని అడిగేవారు. బయలుదేరే మనిషిని అలా అడిగితే వెళ్ళిన పని చెడుతుందని మనుషుల భయం. పెద్ద పెద్ద యంత్రాలను ఆడించేవాళ్ళు కూడా ఆ ఒక్క మాటకు వెనక్కి వచ్చి, కూర్చుని, గుక్కెడు మంచినీళ్ళు తాగి మళ్ళీ కదిలేవాళ్ళు.

"మళ్ళీ అడిగారా అమ్మా! ఈసారి నోటికి ప్లాస్టర్ వేసేస్తాను," అని హెయిర్ డ్రెస్సర్ నూకరత్నం కసురుకునేది.

"వేసుకోవే. ఈ వంకతోనైనా మనిషి నా దగ్గర కాసేపు కూర్చుంటాడు. ఇంతమందిని అడిగాను, ఒక్కడూ జవాబు చెప్పి పోలేదు చూడు!"

ఒకరోజు షాట్ సిద్ధమైందని పిలిస్తే ఆవిడ పలకలేదు. తెల్ల విగ్గుతోనే కుర్చీలో వెనక్కి వాలి ఉన్నారు. తర్వాత ఆ కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. అయినా మెత్త మీద గుంట పోలేదు. కొత్త మెత్త వేశారు. దానికీ అదే గుంట పడింది. ఒక్కోసారి మీట ఎంత నొక్కినా రెక్క ముడుచుకునేది కాదు. మెకానిక్కులు విప్పి చూసి, ఏ లోపమూ లేదని తల గోక్కుని పోయేవాళ్ళు.

మన్యంలో ఒక ఏటి ఇసుకలో షూటింగ్ జరిగింది. మిట్టమధ్యాహ్నం. ఆకు కదలడం లేదు. భోజనాలయ్యాక నూకరత్నం రెక్క కింది నీడలో, నా వెనక చక్రానికి ఆనుకున్నంత దగ్గరగా తల పెట్టి నిద్రపోయింది. ఎవరూ చూడలేదు. అంతలో పైన డ్యాం నుంచి నీళ్ళు వదిలారని కబురొచ్చింది. సామాను ఎత్తుకుని అందరూ గట్టుకు పరుగెత్తారు. మేనేజర్ దివాకర్ మీట నొక్కాడు. రెక్క కదల్లేదు.

"వదిలెయ్ పైడిరాజూ, అలాగే పోనీ!"

డ్రైవర్ పైడిరాజుది విజయనగరం వైపు. "రెక్క ఇప్పి ఉండగా బండి కదపడమేటి సార్? చెట్టుకో గుట్టకో తగిలితే మొత్తం ఊడొచ్చేత్తాది."

"ఊడితే ఊడనీ. ఏరు వస్తోందయ్యా! బండి మునిగితే నీ పేరు చెప్పాలా, నా పేరు చెప్పాలా?"

"నా పేరే చెప్తారు, నాకు తెల్దేటి," అని గొణుగుతూ అతను ఇంజను ఆన్ చేశాడు. నా చక్రం ముందు నూకరత్నం ఊపిరి తీస్తోంది. నాకు గొంతు లేదు. గేరు పడింది.

"ఎక్కడికి?"

పైడిరాజు బ్రేకు తొక్కాడు. "ఎవుల్రా అది! బయల్దేరినప్పుడు అడిగీసినారు!"

"నేను అడగలేదు," అన్నాడు దివాకర్. లోపల ఇంకెవరూ లేరు.

"నీల్లు తాగందే నాను కదల్ను సార్. తిట్టుకుంటే తిట్టుకోండి." మంచినీళ్ళ కుండ రెక్క కింది నీడలోనే ఉంది. దానికోసం దిగి వంగిన పైడిరాజుకు చక్రం ముందు నూకరత్నం తల కనిపించింది. ఆమెను రెండు చేతులా పట్టి బయటికి లాగాడు.

"ఏమైంది? అమ్మగారు లేపుతుంటే లేస్తున్నానుగా," అంది ఆమె నిద్రమత్తులో.

దివాకర్ మళ్ళీ మీట నొక్కాడు. రెక్క మెత్తగా లోపలికి వచ్చేసింది. మేము గట్టెక్కేసరికి వెనక ఇసుక కనిపించలేదు.

ఆ తర్వాత నన్ను ఎవరూ అద్దెకు తీసుకోలేదు. మోటారూ బ్యాటరీ పీకేసి, మళ్ళీ చాచాక ముడుచుకోని రెక్కను అలాగే ఉంచి, ఒక ఖాళీ స్థలంలో వదిలేశారు. నన్ను తుక్కుకు లాక్కుపోదామని ఒకరి తర్వాత ఒకరు క్రేన్ తెచ్చారు. రెక్క బయట ఉండగా లాగొచ్చా అని వాదించుకున్నారు. గొలుసు తగిలించగానే ఒక మాట విని, నీళ్ళు తాగి, మళ్ళీ వస్తామని చెప్పి రాకుండా పోయారు.

నిన్న వచ్చినవాడు పెద్దవయసు మనిషి. గొలుసు బిగించి క్రేన్ ఎక్కబోతున్నాడు.

"ఎక్కడికి?"

అతను ఆగాడు. రెక్క వైపు చూశాడు. తలగుడ్డ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"తుక్కు కోతకమ్మా. ఈ బండి పనైపోయింది," అన్నాడు.

మోటారు లేని నా రెక్క తనంతట తానే, నెమ్మదిగా, లోపలికి ముడుచుకుంది.