స్విచ్ పక్కన పిన్ని

పొద్దున్నే స్టూడియోకి వచ్చినవాళ్ళు బ్యాగులు తగిలించి, ముందు పిన్నిని పలకరిస్తారు. పిన్ని ఉండేది పెయింటింగ్ గదిలో గోడకు ఆనించిన అట్టమీద. రంగులతో గీసిన వంటగది, సింకు పక్క మూలన కుర్చీ, ఒళ్ళో చొక్కా, చేతిలో సూది. పొద్దున పై గుండీ కుడుతూ కనిపిస్తే సాయంత్రానికి కింది గుండీ దాకా వస్తుంది. చొక్కా అయిపోతే ఇంకోటి అందుకుంటుంది. అదేమంత వింత అని ఎవరూ అనుకోరు. లెక్కలు చూసే అమ్మాయైతే, "కిటికీ వేసుకున్నావేం పిన్నీ, చలిగా ఉందా?" అని అడిగి తన పని మీద పోతుంది.

పిన్నిని గీసింది గోడలక్క. స్టూడియోలో గోడలు, కిటికీలు, వీధులు, ఆకాశాలు అన్నీ ఆమెవే, అందుకే ఆ పేరు. అక్కడ తయారయ్యేది పెద్దవాళ్ళ కోసం తీసే కార్టూన్ సీరియల్. ఒక మొగుడూ పెళ్ళాం వారం వారం ఆ వంటగదిలో పోట్లాడుకుంటారు. కదిలే బొమ్మలు వాళ్ళిద్దరే. కదలనివాళ్ళను గోడతోపాటే అట్టమీద గీసేస్తారు కాబట్టి పిన్ని గోడలక్క వాటాకి వచ్చింది. ఆమెకు సీరియల్లో ఒక్క మాట లేదు. కానీ మొగుడు అనకూడని మాట అన్నప్పుడల్లా పిన్ని సూది ఆగుతుంది. అది చూడ్డానికే టీవీ ముందు కూర్చునేవాళ్ళున్నారు. సింకు పైన చెమ్మ మరకని, గోడ మీద మెల్లిగా జారిపోయే సాయంత్రపు ఎండని గోడలక్క ప్రాణం పెట్టి గీసింది.

ఆ మధ్యాహ్నం డైరెక్టర్ వచ్చాడు. గొంతును బట్టి ఆయన్ని వెనకాల అందరూ మైకు అంటారు. ఎదురుగా ఎవరూ ఏమీ అనరు.

"ఏమ్మా, వెనకంతా మసక చేసెయ్. ఆ మూల కూర్చున్నదాన్ని లేపెయ్. జనం చూసేది మాట్లాడే నోళ్ళని. గోడలు ఎవడు చూస్తాడు?"

గోడలక్కకు ఒళ్ళు మండింది. మండటం కొత్త కాదు, మింగడమూ కొత్త కాదు. ఈసారి మాత్రం మింగుడు పడలేదు.

"పిన్నిని చెరపను సార్."

"చెరపకపోతే రేపట్నుంచి నువ్వూ రానక్కర్లేదు. పొద్దున ఛానెల్ వాళ్ళు చూడ్డానికొస్తున్నారు."

"వాళ్ళిద్దరూ అరుస్తారు, అంతే. దెబ్బ ఎక్కడ తగిలిందో పిన్ని మొహం చూస్తేనే తెలుస్తుంది. మీరొక్కసారైనా ఆ మొహం చూశారా?" అంది గోడలక్క.

"నాకు పాఠాలు చెప్పకు," అంటూ మైకు వెడల్పాటి బ్రష్ తీసి బూడిదరంగు డబ్బాలో ముంచాడు. అట్ట అంచున ఒక గీత గీశాడు.

పిన్ని తలెత్తింది. ఇన్నాళ్ళలో ఎవరివైపూ నేరుగా చూడని మనిషి, మైకుని కిందినుంచి పైదాకా చూసింది. సూదిని దారపు ఉండకు గుచ్చి, చొక్కా చంకన పెట్టుకుని, వంటగది తలుపు పక్కనున్న స్విచ్ దాకా నడిచి లైటు ఆర్పేసింది.

అట్టంతా చీకటైపోయింది. పక్క అట్టమీది వీధిలో టైలరు షట్టరు దించేశాడు. బస్టాపులో నిలబడ్డాయన బస్సు కోసం చూడకుండా నడిచి వెళ్ళిపోయాడు. ఒక్కొక్క కిటికీ మూసుకుంది, ఒక్కొక్క దీపం ఆరింది. లెక్కల అమ్మాయి తలుపులోంచి తొంగిచూసి, "మంచిపని చేసింది," అని వెళ్ళిపోయింది.

మైకు ఆ నల్ల అట్టలనే కెమెరా కింద పెట్టించి చూశాడు. ఏమీ లేని చోట మొగుడూ పెళ్ళాం నోళ్ళు తెరుస్తూ మూస్తూ ఉన్నారు. వాళ్ళెందుకు అరుచుకుంటున్నారో గదిలో ఎవరికీ పట్టలేదు. మైకుకి చెమటలు పట్టాయి.

"లైటు వెయ్యమను దాన్ని!"

"దాన్నేంటి సార్? పిన్ని ఆవిడ."

"సరే, ఆవిణ్ణి వెయ్యమను. నువ్వేగా గీసింది!"

"గీస్తే నేను చెప్పినట్టు ఆడుతుందా? ఆర్పించింది మీరు. మీరే అడుక్కోండి."

మైకు అట్ట ముందు నిలబడి హుకుం జారీ చేశాడు. తర్వాత తిట్టాడు. తర్వాత బతిమాలాడు, కానీ ఆయన బతిమాలినా పక్కవీధికి వినిపిస్తుంది. లైటు వెలగలేదు.

"నోరు ముయ్యండి!" అంది గోడలక్క.

గదిలో ఉన్నవాళ్ళంతా ఉలిక్కిపడ్డారు. ఆమె ఆగలేదు. "మొదట్నుంచీ అరుపులు వింటూనే కూర్చుంది ఆవిడ. లోపల వాళ్ళవి, బయట మీవి. నేనూ విన్నాను. నన్ను మెచ్చుకోమని ఏనాడైనా అడిగానా? నా గోడని ఒక్కసారి చూస్తారని ఆశపడ్డాను, అంతే. ఆపాటి తీరిక కూడా మీకు లేదు. కూర్చోండి. కాసేపు నోరు మూసుకుని కూర్చోండి."

మైకు నోరు తెరిచి, మూసి, స్టూలు మీద కూలబడ్డాడు. అప్పుడు వినిపించింది అట్టలోంచి, పంటితో దారం కొరికిన చిన్న చప్పుడు. పిన్ని ఎక్కడికీ పోలేదు. చీకట్లో తడుముకుంటూ గుండీ కుడుతోంది.

మైకు చాలాసేపు ఆ చీకటినే చూశాడు.

"పిన్నీ," అన్నాడు చివరికి. అంత చిన్న గొంతు ఆయన దగ్గరుందని ఎవరికీ తెలీదు. "లైటు వేసుకోండి. కళ్ళు పాడైపోతాయి. నేను చెరపను."

కాసేపటికి లైటు వెలిగింది. సింకు, చెమ్మ మరక, గోడమీద ఎండ, అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. పిన్ని మాత్రం మూలకి వెళ్ళలేదు. కుర్చీ లాక్కుని స్విచ్ పక్కనే కూర్చుంది.

అప్పట్నుంచి ఆ వంటగదిలో గొంతు హద్దు దాటితే పిన్ని చెయ్యి స్విచ్ మీదికి లేస్తుంది. మొగుడూ పెళ్ళాం మెల్లిగా పోట్లాడుకోవడం నేర్చుకున్నారు. గోడలక్క మర్నాడూ పనికి వచ్చింది, కోపంగానే వచ్చింది, బూడిదరంగు గీతని ఎవర్నీ తుడవనివ్వలేదు. మైకు ఆ గదిలో నోరు తెరిచే ముందు పిన్ని చెయ్యి ఎక్కడుందో చూసుకుంటాడు.

ఒకరోజు మైకు భార్య స్టూడియోకి ఫోన్ చేసింది.

"ఈమధ్య ఇంట్లో గొంతు లేచేసరికి స్విచ్ వైపు చూసి తగ్గిపోతున్నారు. ఏమైంది అక్కడ?"

లెక్కల అమ్మాయి జరిగిందంతా చెప్పింది.

"పిన్ని నాకు తెలుసమ్మా," అందావిడ. "ఈయన నామీద అరుస్తున్నంతసేపూ టీవీలో ఆవిణ్ణే చూస్తూ కూర్చునేదాన్ని. నా కోసం కూడా సూది ఆపేది."