ఏటవాలు కొస

సెంట్ ఎమిలియన్‌లో రాళ్లు పరిచిన వాలు సందులో దిగుతున్నాను, అడుగు జారితే నడుం విరిగేలా ఉంది, ఫ్రాన్సు దాకా వచ్చి చూడవలసిన వైభవం ఇదా అని విసుక్కుంటూ దిగుతుంటే, సందు చివర మా అన్న పాపిరెడ్డి గొంతుక్కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. అన్న పోయి మూడేళ్లయింది. అదే మాసిన ధోవతి, నడుముకు అదే కొమ్మలు కోసే కత్తెర. చచ్చిపోయినవాడు ఇక్కడెలా ఉన్నాడని నాకు తోచదు, నలుగురిలో ఈ అవతారమేమిటని సిగ్గు మాత్రం వేస్తుంది.

బతికున్నప్పుడూ నా వరస ఇదే. నేను కాలేజీలో పాఠాలు చెప్పేవాణ్ణి, అన్న మేడ్చల్ దగ్గర ద్రాక్షపందిరి కింద మట్టిచేతులతో బతికినవాడు. మా కాలేజీవాళ్లకు ఏనాడూ ఆయన్ను పరిచయం చెయ్యలేదు.

"ఏం రా విఠలూ, గిదేనా నీ గొప్ప ద్రాక్ష దేశం?" అంటూ లేచి ముందు నడుస్తాడు, సందు ఎక్కడ అయిపోయిందో తెలియదు, తోటలో ఉన్నాం, మార్చి నెల కనక ఆకన్నది లేదు, మోకాలెత్తు మోళ్లు బారులుగా కొండ దాకా ఉన్నాయి. "థూ, గివి తీగలా? కందికట్టెల లెక్క ఉన్నయ్. మన పందిరి కింద మనిషి నిటారుగ నడుస్తుండె."

"నీకేం తెల్సు అన్నా, వందల ఏండ్ల తోటలివి."

"గన్నేండ్ల సంది గింతే పెరిగినయా?"

ఈ మొరటుతనమే నాకు పడదు. ఆయన్ని తప్పించుకుందామని పక్కనున్న రాతి నేలమాళిగలోకి దూరితే అక్కడ నాకంటే ముందే పీపా మీద కూర్చుని ఉంటాడు, చుట్టూ మా టూరువాళ్లు వైను గ్లాసు ఊపి, వాసన చూసి, రుచికని ఓ గుక్క పుక్కిలించి బకెట్లో ఉమ్ముతున్నారు, బకెట్టు మేడ్చల్ బస్టాండులో కుళాయి కింద ఉంది, అది నాకు వింతగా లేదు.

"కష్టపడి పండిస్తే ఉమ్ముతున్నరేంది రా?" అంటాడు, తర్వాత గొంతు తగ్గించి, "నా తీగ ఎట్లున్నది?"

ఆ మాటకే భయపడుతున్నాను. పోవడానికి వారం ముందు, అమ్ముడుపోయిన తోటలోకి బుల్డోజరు రాకముందే, నాటుకోడానికి పన్నెండు తీగపుల్లలు తనే కోసి తడిగోనెలో చుట్టి నా చేతికిచ్చాడు. ఒక్కటన్నా బతికియ్ రా అన్నాడు. జీవితంలో నన్నడిగింది అదొక్కటే.

"మంచిగుంది. కాసింది" అంటాను.

అన్న బీడీ ఆరిపోతుంది.

"ఎండిపోయినయ్" అని అరుస్తాను, "పన్నెండూ ఎండినయ్! నీ పుల్లలల్లనే దమ్ము లేదు, దిక్కుమాలిన జాతి, నేనేం జెయ్యాలె?"

"ఏ కొస మట్టిల పెట్టినవ్?"

"పుల్లకు తలా తోకా ఉంటదా?"

అప్పుడు నా వంక చూస్తాడు. నేను ఆయన్ని బతుకంతా ఎలా చూశానో అచ్చంగా అలాగే, తల నుంచి కాలిదాకా. "తిన్నగ కోసిన కొస మట్టిలకు, ఏటవాలు కోసింది ఆకాశానికి. గుడ్డోడు సుత తడిమి చెప్తడు. తెల్వాల్ననే గట్ల కోసిస్తం. పన్నెండింటినీ తలకిందులు పాతినవ్ రా పంతులూ. ఒక్కమాట అడిగితే నీ సదువు తరిగిపోతుండెనా?"

"అన్నా, అడిగేటోణ్ణే..." అంటాను, అబద్ధం, అడిగేవాణ్ణి కాదు, అది తెలిసే ఆయన మోళ్ల మధ్య నుంచి వెళ్లిపోతున్నాడు.

"లేవుండ్రి, బస్సొచ్చింది" అని నా భార్య ఇందుమతి భుజం కుదుపుతోంది. బోర్డో హోటల్ గది. తెల్లగా తెల్లవారింది.

నిన్న సెంట్ ఎమిలియన్ ద్రాక్షతోటలో ఒక ముసలామెను సైగలతో బతిమాలి ఒక పుల్ల అడిగి తెచ్చుకున్నాను. కోసిచ్చి, ఒక కొసను వేలితో తాకి పదేపదే ఆకాశం చూపించింది. ఈ పల్లెటూరి మనిషి నాకు చెప్పేదేమిటని తలూపి వచ్చేశాను.

బాత్రూంలో, బ్రష్షులు పెట్టే గ్లాసులో ఉంది పుల్ల. పైకొసను తడిమి చూశాను. తిన్నగా ఉంది. నీళ్లలోంచి పైకి తీశాను, ఏటవాలు కొస తడిసి చుక్కలు కారుతోంది.