చెయ్యి ఊరుకోదు

...అలాగని వాళ్లమీద నమ్మకం లేదని కాదు. నమ్మకం ఉండబట్టేగా సముద్రం అవతల ఆరుగురిని పెట్టుకుని, చెప్పుల దుకాణాల వెబ్‌సైట్లకు కావలసిన వివరాలన్నీ వాళ్లచేత రాయిస్తున్నాను. వాళ్లు రాసింది దుకాణాలకి పంపేముందు ఒక్కసారి చూస్తానంతే. చూశాక చెయ్యి ఊరుకోదు, అది నా తప్పా, అనుకుంటూ యజమాని ఇంకో వాక్యం మార్చాడు.

ఎదుటి బల్ల దగ్గర ఆఫీసు లెక్కలు చూస్తున్న అక్క తలెత్తింది.

"మళ్లీ మొత్తం రాస్తున్నావా?"

"లేదక్కా, కాస్త దిద్దుతున్నా."

"మెత్తటి చెప్పుల్ని మృదువైన చెప్పులు చేస్తే కాలికేమన్నా తెలుస్తుందట్రా? వంటమనిషిని పెట్టుకుని గరిటె మాత్రం ఇవ్వవు."

అతను నవ్వలేకపోయాడు. సముద్రం అవతల ఆ టీమ్‌ని నడిపే ఆవిడ పొద్దున్నే వీడియో కాల్‌లో నెమ్మదిగా చెప్పింది. "మావాళ్లు తప్పులు చూసుకోవడం మానేశారు సార్. ఎలాగూ మీరు మారుస్తారుగా అంటున్నారు. ఇవాళైనా మేం రాసింది రాసినట్టు వెళ్లకపోతే నేను మానేస్తాను."

ఆవిడ మానేస్తే టీమ్ నిలవదని అతనికి తెలుసు. తను ముట్టుకోని పనిని దుకాణంవాళ్లు బాగుందంటే, రేపట్నుంచి ఈ కుర్చీలో కూర్చుని ఏం చెయ్యాలో మాత్రం తెలియదు. అసలు భయం అదన్నమాట. అక్కకి చెప్తే ఏడాదిపాటు నవ్వుతుంది.

"ఏంట్రా అంత ఆలోచన?"

"ఏం లేదక్కా."

తను మార్చిందంతా చెరిపేసి, వాళ్ల ఫైల్‌నే దుకాణానికి పంపించాడు.